ఉప్పుమడిలో ముందు ఏది దిగుతుంది?

(డిగ్రీ కెమిస్ట్రీ విద్యార్థుల కోసం జరిగిన సభలో ఒక విశ్రాంత రసాయనశాస్త్ర ఉపన్యాసకుడు చేసిన ప్రసంగం ఇది. అక్కడక్కడ పునరుక్తులు తీసేశాం. మిగతాదంతా ఆయన మాటే.)

అందరికీ నమస్కారం. వెనక వరసదాకా వినపడుతోందా? సరే.

లవణం ఎలా తయారవుతుందని పదో తరగతి పిల్లవాణ్ణి అడిగితే ఠక్కున చెబుతాడు. ఆమ్లం, క్షారం కలిస్తే లవణం, నీరు వస్తాయంటాడు. హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో సోడియం హైడ్రాక్సైడ్ కలిపితే సోడియం క్లోరైడ్ వస్తుందంటాడు. రైటే, మార్కులు పడతాయి. కానీ ఆ పద్ధతిలో కూరలోకి ఉప్పు చేసుకునేవాడు ఎక్కడా లేడు. అసలు ఫ్యాక్టరీలో సోడియం హైడ్రాక్సైడ్ ఎలా చేస్తారు? ఉప్పునీళ్లలోకి కరెంటు పంపి చేస్తారు. అక్కడే క్లోరిన్, హైడ్రోజన్ కూడా వస్తాయి. ఆ రెండూ కలిస్తే హైడ్రోజన్ క్లోరైడ్. అంటే ఉప్పు ఖర్చుపెట్టి, కరెంటు బిల్లు కట్టి చేసినవాటిని మళ్లీ కలిపి ఉప్పు చేస్తున్నామన్నమాట. (నవ్వులు)

లవణాలు పుట్టడం పెద్ద విశేషం కాదు. కొండరాళ్లు కరిగి, ఏళ్లు పారి, సముద్రం చేరి, ప్రకృతి వాటిని ఎప్పుడో తయారుచేసి పెట్టింది. చిక్కల్లా అన్నీ కలిసి ఉండటంతోనే. కలిసి ఉన్నవాటిలోంచి కావలసిన ఒక్కదాన్ని బయటికి తీయాలి. లవణాల తయారీలో తెలివంతా అక్కడే ఖర్చవుతుంది. ఇవాళ నేను చెప్పబోయేది ఇదే.

సముద్రపు నీళ్లు కిలో తీసుకుంటే అందులో లవణాలు సుమారు 35 గ్రాములు. క్లోరైడ్ 19 గ్రాములకు పైన, సోడియం దాదాపు 11, సల్ఫేట్ 2.7, మెగ్నీషియం 1.3, కాల్షియం 0.4, పొటాషియం కూడా 0.4. బ్రోమైడ్ చాలా కొంచెం, 0.07 లోపే. ఇది ప్రపంచ సముద్రాల సగటు లెక్క. మన బంగాళాఖాతం ఇంతకంటే పల్చన. గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి, కృష్ణ అన్నీ వచ్చి ఇందులోనే పడుతున్నాయి కదా. అందుకే అక్టోబరులో ఒడ్డున తోడిన నీళ్లకీ, మే నెలలో తోడిన నీళ్లకీ ఉప్పదనంలో తేడా ఉంటుంది.

ఒక్క సంగతి గమనించండి. నేను సోడియం ఇంత, క్లోరైడ్ ఇంత అని విడివిడిగా చెప్పాను. సోడియం క్లోరైడ్ ఇంత అనలేదు. ఎందుకంటే సముద్రంలో సోడియం క్లోరైడ్ అంటూ విడిగా ఏదీ లేదు. ధన అయాన్లు, రుణ అయాన్లు ఎవరి దారిన అవి తిరుగుతున్నాయి. ఆ సోడియం వెళ్లి క్లోరైడ్‌తో జతకట్టి బయటికొస్తే మన ఉప్పు. సల్ఫేట్‌తో జతకడితే సోడియం సల్ఫేట్. కాల్షియం, సల్ఫేట్ జతకడితే జిప్సం. నీళ్లు తగ్గేకొద్దీ ఏ జత ముందు దిగుతుందన్నదే ప్రశ్న. ఎక్కువ ఉన్నది ముందు దిగుతుందనుకుంటాం. అలా జరగదు. నీళ్లలో నిలవలేనిది ముందు దిగుతుంది, అది ఎంత కొంచెం ఉన్నా సరే.

దీన్ని గ్రాములతో సహా లెక్కగట్టిన మొదటివారిలో ఉజిలియో అనే రసాయనవేత్త ఒకరు. 1849లో, ఫ్రాన్స్ దక్షిణ తీరాన సెట్ రేవు దగ్గరి మధ్యధరా నీళ్లు తీసుకుని, మెల్లగా ఆవిరి చేస్తూ, ఏ దశలో ఏది ఎంత దిగిందో తూచి రాసిపెట్టారు. ఆయన వేసిన వరస ఇప్పటికీ పాఠాల్లో ఉంది. అయితే ఆ వరస ఉప్పు పండించేవాళ్లకి అంతకు చాలా ముందే తెలుసు. పేర్లు తెలియకపోవచ్చు, ఏ నీళ్లు ఎప్పుడు వదిలెయ్యాలో మాత్రం బాగా తెలుసు.

మన వైపు నౌపడ, చినగంజాం, ఇస్కపల్లి కొఠార్లు, అంటే ఉప్పు పండించే మళ్లు, మీలో కొందరు చూసే ఉంటారు. రైలు కిటికీలోంచి చూస్తే తెల్లగా, గళ్లుగళ్లుగా కనిపిస్తాయి. దేశం మొత్తంలో ముప్పాతిక వంతుకు పైగా ఉప్పు గుజరాత్‌లోనే పండుతుంది. మనది చిన్న వాటా. కెమిస్ట్రీ మాత్రం రెండుచోట్లా ఒకటే. మన దగ్గర కొన్నిచోట్ల ఉప్పుటేటి నీళ్లు పెడతారు, కొన్నిచోట్ల భూమిలోని ఉప్పునీళ్లు బోర్లతో తోడతారు. జనవరి వచ్చేసరికి మళ్లు బాగుచేసి, అడుగున బంకమట్టి తొక్కి తొక్కి గట్టిపరుస్తారు. నీళ్లు ఇంకకూడదు, పలకతో ఉప్పు లాగేటప్పుడు మట్టి లేవకూడదు. ఏప్రిల్, మే నెలలే అసలు సీజన్. మధ్యలో ఒక్క గట్టి వాన పడితే దిగిన ఉప్పంతా మళ్లీ కరిగిపోతుంది. వరి రైతు వాన కోసం చూస్తుంటే, పక్క ఊళ్లో ఉప్పు రైతు వాన రాకూడదని మొక్కుకుంటూ ఉంటాడు.

(గాజు గొట్టం చూపిస్తూ) దీన్ని ముందు వరసకి ఇవ్వండి, చేతులు మారుస్తూ చూడండి. జాగ్రత్త, కింద పడితే పగులుతుంది. దీని పేరు బామే హైడ్రోమీటర్. కొఠార్లలో "ఎన్ని డిగ్రీలుంది?" అని అడుగుతారు చూడండి, ఆ డిగ్రీలు ఎండవి కావు, దీనివి. ఆంట్వాన్ బామే పారిస్‌లో మందులు తయారుచేసే ఆయన. 1768లో ఈ కొలత పెట్టాడు. దీన్ని మంచినీళ్లలో వదిలితే ఎక్కడిదాకా మునుగుతుందో అది సున్నా. 15 పాళ్ల ఉప్పు, 85 పాళ్ల నీళ్లు కలిపి అందులో వదిలితే వచ్చే గీత 15. అంటే ఈ కొలబద్దకి ఆధారమే మన ఉప్పు. నీళ్లు చిక్కబడేకొద్దీ గొట్టం పైకి తేలుతుంది.

సముద్రపు నీళ్లలో వదిలితే 3, మూడున్నర చూపిస్తుంది. మొదటి మళ్లలో ఆ నీళ్లు ఎండకి కాగుతూ పది డిగ్రీలు దాటేలోపు కాల్షియం కార్బొనేట్ దిగుతుంది. ఇనుము ఏమన్నా ఉంటే తుప్పురంగులో అదీ అక్కడే ఉండిపోతుంది. నీళ్లు అయిదో వంతుకి తగ్గి, 13 నుంచి 15 డిగ్రీల మధ్యకి వచ్చాక జిప్సం మొదలవుతుంది. మడి అడుగున సూదుల్లా, కాళ్లకి గుచ్చుకునేలా పేరుకుంటుంది. అక్కణ్ణుంచి 25 దాకా జిప్సమే దిగుతూ ఉంటుంది. మన ఉప్పు ఇంకా రాదు. లీటరు సముద్రపు నీళ్లలో సోడియం క్లోరైడ్‌గా జతకట్టగల సరుకు 27 గ్రాములుంటే, కాల్షియం సల్ఫేట్ గ్రామున్నర కూడా లేదు. అయినా అదే ముందు. ఎందుకు? జిప్సం లీటరు మంచినీళ్లలో రెండున్నర గ్రాములకు మించి కరగదు. ఉప్పు 350 గ్రాములకు పైగా కరుగుతుంది.

నీళ్లు పదో వంతుకి తగ్గాక, 25న్నర డిగ్రీల దగ్గర, ఉప్పు పైపైన పొరలా కనిపిస్తుంది. మొదటి గింజలు నీటి మీదే తేలుతూ బోర్లించిన చిన్న గోపురాల్లా పెరుగుతాయి. బరువెక్కాక అడుక్కి పోతాయి. వంటింట్లో పాకం పట్టేవాళ్లకి తెలుసు, తీగపాకం దాటి ముదిరితే అరిసె గట్టిపడిపోతుంది. ఇక్కడా ముదురు, లేత రెండూ చూసుకోవాలి. 25కి ముందే ఆ నీళ్లు ఉప్పు దించే మడిలోకి వదిలితే ఉప్పులో జిప్సం కలుస్తుంది. అందుకే జిప్సం దించడానికి వేరే మళ్లు, ఉప్పు దించడానికి వేరే మళ్లు. మరి పై హద్దు ఎక్కడ? 29, 30 డిగ్రీలు. ఆ సరికి మూడొంతుల ఉప్పు దిగిపోయి ఉంటుంది. మిగిలిన పావు వంతు కూడా తీద్దామని ఆశపడితే మెగ్నీషియం క్లోరైడ్, మెగ్నీషియం సల్ఫేట్ వెంటబడతాయి. ఉప్పు చేదెక్కుతుంది. కాబట్టి ఆ నీళ్లు వదిలెయ్యాలి. పావు వంతు ఉప్పు కళ్లముందు ఉన్నా వదులుకోవడం మీకు తేలిగ్గా అనిపించవచ్చు. కూలీ డబ్బులు ఇవ్వాల్సినవాడికి అంత తేలిక కాదు.

కొన్ని మళ్లలో నీళ్లు గులాబీ రంగుకి తిరుగుతాయి. ఎవరో రంగు కలిపారేమో అనుకునేరు. డునాలియెల్లా అనే నాచు, ఉప్పంటే ఇష్టపడే సూక్ష్మజీవులు ఆ రంగు తెస్తాయి. వాటివల్ల నష్టం లేదు. రంగు నీళ్లు ఎండని ఎక్కువ పీల్చుకుంటాయి కాబట్టి లాభమే.

ఇప్పుడొకటి చేసి చూపిస్తాను. (బీకరు తీసుకుని) ఇది ఇక కరగదన్నంతగా ఉప్పు కరిగించి వడకట్టిన నీళ్లు. చూడండి, తేటగా ఉంది. ఇందులో గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోస్తున్నాను. మీరు ఇంట్లో చెయ్యొద్దు, ల్యాబులో, మాస్టారి ముందు చెయ్యండి. ఏమైంది? తెల్లగా మంచులా దిగుతోంది కదా. చాలామంది దీన్ని కొత్త పదార్థం అనుకుంటారు. అది ఉప్పే. ఆమ్లంతో పాటు క్లోరైడ్ అయాన్లు ఎక్కువై, సోడియానికి నీళ్లలో చోటు లేకుండా చేశాయి. ఉమ్మడి అయాన్ ప్రభావం అని పరీక్షలో రాస్తారే, అది ఇదే. కొఠారులో మెగ్నీషియం క్లోరైడ్ పెరిగేకొద్దీ ఉప్పు మీద ఇదే ఒత్తిడి పనిచేస్తుంది.

తర్వాత ఉప్పు కడగడం. ఉప్పుని కడుగుతారంటే ఒకమ్మాయి నన్ను "కరిగిపోదా సార్?" అని అడిగింది. మంచి ప్రశ్న. మంచినీళ్లతో కడిగితే కరుగుతుంది. అందుకే ఉప్పునీళ్లతోనే కడుగుతారు. ఉప్పు ఇక కరగలేని ఉప్పునీళ్లతో. అందులోకి సోడియం క్లోరైడ్ పోదు, గింజకి అంటుకున్న మెగ్నీషియం లవణాలకి మాత్రం చోటుంటుంది. అవి కొట్టుకుపోతాయి. నాకైతే ఈ మొత్తం వ్యవహారంలో బాగా నచ్చేది ఈ ఒక్క పనే. దీనికి మందూ లేదు, మిషనూ లేదు.

చిన్న కొఠార్లలో ఇంకో పని చేస్తారు. ఉప్పు రాశిపోసి తాటాకులు కప్పి వదిలేస్తారు. అప్పుడు తేమ గాలి ఆ కడిగే పని చేసిపెడుతుంది. ఎలాగంటారా? గాలిలో తేమ 33 శాతం ఉంటే చాలు, మెగ్నీషియం క్లోరైడ్ ఆ తేమని లాక్కుని నీరైపోతుంది. స్వచ్ఛమైన సోడియం క్లోరైడ్ 75 శాతం దాకా కదలదు. కాబట్టి రాశిలోని మెగ్నీషియం నీరై కిందికి కారిపోతుంది, ఉప్పు నిలుస్తుంది. మన ఇంట్లో జాడీలో కల్లుప్పు చెమ్మగిల్లడానికీ కారణం అదే. మరి విశాఖలో వానాకాలం మంచి ఉప్పు కూడా ఎందుకు ముద్దవుతుందంటే, అక్కడ గాలిలో తేమే 75 దాటుతుంది. అప్పుడు ఏ ఉప్పూ ఆగదు. ప్యాకెట్ ఉప్పు జారుడుగా ఉండటానికి పొటాషియం ఫెర్రోసయనైడ్ లాంటివి చిటికెడు కలుపుతారు. పేరులో సయనైడ్ ఉంది కదా అని టెన్షన్ పడకండి. అక్కడ అది ఇనుముతో గట్టిగా కట్టుబడి ఉంటుంది. వాట్సాప్‌లో తిరిగే భయాలకి, ఈ బంధానికి ఉన్న బలానికి సంబంధం లేదు.

సముద్రం వదిలి సురేకారం దగ్గరికి వెళదాం. పొటాషియం నైట్రేట్. తుపాకి మందుకి ప్రాణం. ఈస్టిండియా కంపెనీ రోజుల్లో బీహార్ దీనికి పేరుపొందింది. నునియా అనే కులంవాళ్లు ఊరి పాతగోడల దగ్గర, పశువులు కట్టేసే చోట పైకి తేలిన తెల్లటి మట్టి గీకి తెచ్చేవాళ్లు. పశువుల మూత్రంలోని నత్రజనిని మట్టిలోని సూక్ష్మజీవులు నైట్రేట్‌గా మారుస్తాయి. అది జీవుల పనేనని 1877లో ష్లోజింగ్, మూంట్జ్ అనే ఇద్దరు ఫ్రెంచివాళ్లు తేల్చారు. ఆ మట్టి నానబెట్టి వడకట్టిన నీళ్లలో సురేకారంతో పాటు మామూలు ఉప్పు కూడా ఉంటుంది. రెంటినీ విడదీయాలి. ఎలా?

లెక్క చూడండి. మామూలు ఉప్పు 100 గ్రాముల చల్లటి నీళ్లలో 36 గ్రాములు కరుగుతుంది, మరిగే నీళ్లలో 39. తేడా లేనట్టే. సురేకారం 20 డిగ్రీల సెంటీగ్రేడ్ దగ్గర 32 గ్రాములు కరుగుతుంది, మరిగే నీళ్లలో 240కి పైనే. అందుకని బాణలిలో మరిగిస్తూ ఉంటే నీళ్లు తగ్గి ముందు మామూలు ఉప్పు అడుగుకి దిగుతుంది. వేడి మీద దాన్ని గరిటెతో ఎత్తేస్తారు. తర్వాత ఆ నీళ్లు చల్లార్చితే సురేకారం పొడుగాటి పలుకులుగా దిగుతుంది. ఉప్పు వేడి మీద, సురేకారం చల్లారాక. ఉప్పు పన్ను రోజుల్లో సర్కారు ఆ బాణలి అడుగు ఉప్పుని కూడా వదల్లేదు, దానికీ సుంకం వేసింది.

ఇంకా తమాషా సోడాది. బట్టల సోడా, అంటే సోడియం కార్బొనేట్. మన చాకళ్లు చౌడు మన్నుతో బట్టలు ఉతికింది ఇందుకే, అందులో ఇదే ఉంటుంది. ఫ్యాక్టరీలో దాన్ని ఉప్పు నుంచి చెయ్యాలి. 1860లలో బెల్జియంలో ఎర్నెస్ట్ సాల్వే ఏం చేశాడంటే, ఉప్పునీళ్లలోకి అమ్మోనియా పట్టించి, కార్బన్ డయాక్సైడ్ పంపాడు. ఇప్పుడు ఆ నీళ్లలో సోడియం, అమ్మోనియం, క్లోరైడ్, బైకార్బొనేట్ నాలుగూ ఉన్నాయి. నాలుగు జతలు కట్టొచ్చు. వాటిలో తక్కువ కరిగే జత సోడియం బైకార్బొనేట్. అదే దిగింది. వడకట్టి కాలిస్తే సోడా. గుజరాత్‌లో మిఠాపూర్ సోడా ఫ్యాక్టరీ పెట్టింది ఈ రసాయనం కోసమే, 1939లో. ఇడ్లీ పిండిలో వేసే తినే సోడా కూడా ఈ దారిలోదే.

మీ ల్యాబులో మైలుతుత్తం, అంటే రాగి సల్ఫేట్, చేస్తారు కదా, దాని గురించి ఎక్కువ చెప్పను. సజల గంధకామ్లంలో రాగి ముక్క వేసి కూర్చుంటే ఏమీ కాదు, రాగి హైడ్రోజన్‌ని నెట్టలేదు. రాగి ఆక్సైడ్ వెయ్యాలి, గోరువెచ్చగా కలపాలి, మిగిలింది వడకట్టాలి. ఇక్కడే చాలామంది తొందరపడి నీళ్లన్నీ ఇగరబెడతారు. పలుకులు రావు, పొడి వస్తుంది. ఇంకా వేడి చేస్తే నీలం పోయి తెల్లబడుతుంది. ఆ నీలం పలుకు బరువులో 36 శాతం నీళ్లే మరి. గాజుకడ్డీ ముంచి తీసి, దాని మీద చిన్న పలుకులు కడుతున్నాయంటే మంట ఆపెయ్యండి. మిగతాది చల్లారుతూ అదే చేసుకుంటుంది.

ప్రశ్నలుంటే అడగండి.

(ఒక విద్యార్థి: అయోడిన్ ఉప్పులో కలిపేది అయోడినేనా సార్?)

కాదు బాబూ. అయోడిన్ కలిపితే ఎగిరిపోతుంది. పొటాషియం అయోడేట్ కలుపుతారు, అదీ ఒక లవణమే. అయోడైడ్ కూడా వాడొచ్చు, కానీ మన తేమకీ ఎండకీ అది నిలవదు. అయోడేట్ తయారీలోనూ ఇందాకటి కథే. వేడి పొటాషియం హైడ్రాక్సైడ్‌లో అయోడిన్ వేస్తే అయోడేట్, అయోడైడ్ రెండూ పుడతాయి. అయోడేట్ తక్కువ కరుగుతుంది కాబట్టి ముందు అది దిగుతుంది. మన చట్టం ప్రకారం ఉప్పు మన చేతికి వచ్చేసరికి పది లక్షల పాళ్లకి అయోడిన్ 15 పాళ్లకి తగ్గకూడదు. హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థవాళ్లు అయోడిన్‌తో పాటు ఇనుము కూడా కలిపిన ఉప్పు మీద ఏళ్లతరబడి పనిచేశారు. అందులో కష్టమేమిటో మీకు ఇప్పుడు అర్థమవుతుంది. రెండూ ఒకే ఉప్పులో ఉంటే ఇనుము అయోడేట్‌ని చెడగొడుతుంది, ఉప్పు రంగు మారుతుంది. కలవకుండా ఉంచాలి, కానీ కలిపే ఉంచాలి.

(ఒక ఉపాధ్యాయిని: సైంధవ లవణం మంచిదంటున్నారు కదండీ, నిజమేనా?)

అమ్మా, అదీ సముద్రపు ఉప్పే. పాకిస్తాన్‌లో ఖేవ్రా గని ఉంది కదా, 50 కోట్ల ఏళ్లకు ముందటి సముద్రం ఎండి పేరుకున్నది. ఆ ఎర్రదనం ఇనుప ఆక్సైడ్‌ది. 95 శాతం పైన సోడియం క్లోరైడే. మిగతా ఖనిజాలున్నాయి గానీ, మనం తినే చిటికెడులో అవి లెక్కలోకి రావు. మామూలుగా అందులో అయోడిన్ ఉండదు. రుచి నచ్చితే తినండి, ఆరోగ్యం కోసమని మూడింతల డబ్బు పెట్టొద్దు. ఏ ఉప్పయినా రోజుకి 5 గ్రాముల లోపే అంటోంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. మన ఆవకాయల ఇళ్లలో అదెంత కష్టమో మీకే తెలుసు. (నవ్వులు)

(మరో విద్యార్థి: 30 డిగ్రీల దగ్గర వదిలేసిన నీళ్లు ఏమవుతాయి సార్?)

మంచి ప్రశ్న. ఆ నీళ్లని ఆరబెడదామన్నా తొందరగా ఆరవు. అంత మెగ్నీషియం ఉన్నప్పుడు ఆవిరి కావడం బాగా మందగిస్తుంది, రాత్రి తేమకి తిరిగి నీళ్లు పీల్చుకుంటాయి కూడా. జపాన్‌లో ఆ చేదు నీళ్లతోనే సోయాపాలు విరిచి టోఫు చేస్తారు. గుజరాత్‌లో పెద్ద కొఠార్ల దగ్గర అందులోంచి బ్రోమిన్ తీస్తారు. క్లోరిన్ పంపితే బ్రోమైడ్ బ్రోమిన్‌గా బయటికొస్తుంది. కిలో సముద్రపు నీళ్లలో 0.07 గ్రాముల లోపున్న బ్రోమైడ్, ఆ చేదు నీళ్లలో పదుల రెట్లు చిక్కబడి ఉంటుంది కాబట్టి అది గిట్టుబాటవుతుంది. భావ్‌నగర్‌లోని కేంద్ర ఉప్పు పరిశోధన సంస్థ 1954 నుంచి ఇలాంటి పనుల మీదే ఉంది, పొటాష్ ఎరువు తీయడం కూడా అందులో ఒకటి. చిన్న కొఠారు రైతుకి మాత్రం అంత నీళ్లు పోగుకావు, మిషన్లు పెట్టే స్తోమతా ఉండదు. ఆయన కాలువ గండి తీసి ఏట్లోకి వదిలేస్తాడు. పది మంది కలిసి ఒకచోట ఆ నీళ్లు నిలవచేస్తే లెక్క మారుతుందా అన్నది మీ ప్రాజెక్టుకి బాగుంటుంది. మీలో ఎవరైనా చేస్తానంటే హైడ్రోమీటర్ నేనిస్తాను.